వెనక ఇరుసు లెక్క

శుక్రవారం మధ్యాహ్నం కొబ్బరికాయల లోడుతో ఇసక ఎత్తు ఎక్కుతుండగా జీపు వెనక నుంచి ఇనుము నమిలినట్టు చప్పుడు మొదలైంది. డ్రైవరు తిరుపతిరావు కాయలన్నీ దారి పక్కన దింపించి, ఖాళీ బండిని మనిషి నడిచే వేగంతో నడుపుకుంటూ మహాలక్ష్మి పెరట్లోకి తెచ్చి చెట్ల నీడలో ఆపాడు.

"వెనక ఇరుసులో పళ్ళు ఎగిరిపోనాయక్కా. ఖాళీగా అయితే కదుల్తాది. నలుగురు ఎక్కితే గెంతుతాది," అన్నాడు. "మెకానిక్కు గణపతిరావు బాబుకి సెప్పేసి మా ఊరెల్తాను. ఆదివారం మా సెల్లి పెళ్ళి ఎలాగూ ఉంది. బండి నడిసినాక కబురెట్టు."

మహాలక్ష్మి బండి వైపు చూడలేదు. వసారాలో, నిన్నటి నుంచి నులక మంచం మీద కళ్ళు తెరవకుండా పడుకుని ఇప్పుడు లేచి కూర్చున్న భర్త బైరాగి వైపు చూసింది. ఆ బండి ఊరి మలుపు తిరిగినప్పుడే అతనికి విషయం తెలిసిపోయి ఉంటుంది. పదమూడేళ్ళు తనే నడిపిన బండి. దాని దగ్గూ తుమ్మూ అతనికి తెలుసు. కానీ అతని ముఖంలో ఆమె అనుకున్న దిగులు లేదు. సెలవిచ్చారని తెలిసిన బడిపిల్లాడిలా ఉన్నాడు.

పోయిన ఏటి వరకూ బైరాగి ఉద్దానం ఊళ్ళ నుంచి పలాసకు రోజుకు నాలుగు ట్రిప్పులు వేసేవాడు. మనుషుల్ని, కాయల్ని, జీడిపిక్కల బస్తాల్ని, పురిటికి వెళ్ళే ఆడపిల్లల్ని తీసుకెళ్ళేవాడు. తర్వాత, ఈ పక్క ఊళ్ళన్నిట్లో ఇంటికొకరికి వచ్చినట్టే, అతనికీ కిడ్నీల జబ్బు వచ్చింది. ఇప్పుడు ప్రతి గురువారం తెల్లవారకముందే తిరుపతిరావు జీపులో వాళ్ళిద్దర్నీ పలాస స్టేషనుకు తీసుకెళ్తాడు. అక్కడి నుంచి రైల్లో విశాఖపట్నం. నాలుగు గంటలు మిషను మీద రక్తం కడిగించుకుని మళ్ళీ సాయంత్రం రైలు. వారానికి రెండుసార్లు రమ్మన్నారు డాక్టర్లు. ఒకసారికే వీళ్ళ ఓపిక చాలుతోంది. ఒక వారం మానితే ఒళ్ళు ఉబ్బుతుందని, రెండు వారాలు మానితే ఊపిరి ఆడదని డాక్టరు చెప్పాడు. మూడో వారం గురించి ఆయన చెప్పలేదు, మహాలక్ష్మి అడగలేదు.

"గురువారానికి అవకపోతే ఆటో మాటాడతాను," అంది.

"ఆటో ఎక్కను."

"ఎక్కవా?"

"ఆ మధ్య ఎక్కినాను కదా. సీటు మీద గోనెపట్టా పరిసినాడు. నాను కక్కుతానని." బైరాగి గొంతు పెంచకుండానే అన్నాడు. "నా బండి నడిస్తే వత్తాను. నేకపోతే రాను. అంతే."

అప్పుడే పని నుంచి వచ్చిన పక్కింటి నీలమ్మ గోడ అవతల నుంచి చూస్తూ నిలబడింది. పలాసలో జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే నీలమ్మ వేళ్ళు ఏడాది పొడుగునా నల్లగానే ఉంటాయి. ఆమె భర్త సింహాద్రి కూడా, బైరాగి కన్నా ముందు, ఇదే జీపులో ఇలాగే గురువారాలు వెళ్ళి వచ్చినవాడు. పోయిన ఏడు చనిపోయాడు.

"మాటేనా మావా?" అని మహాలక్ష్మి అడిగింది. "బండి నడిస్తే వత్తావు కదా. నీలమ్మ ఇనుకుంటంది."

"మాటే," అన్నాడు బైరాగి, నీలమ్మ వైపు కూడా చూసి. "బండి నడిస్తే వత్తాను."

*

శనివారం మహాలక్ష్మి బస్సెక్కి కాశీబుగ్గ వెళ్ళింది. రైల్వే గేటు దాటాక గణపతిరావు షెడ్డు. ఆయనా బైరాగీ ఒకప్పుడు టెక్కలి స్టాండులో కలిసి బతికినవాళ్ళు. ఒకరు డ్రైవరయ్యారు, ఒకరు మెకానిక్కయ్యారు. గణపతిరావు ఒక లారీ కింద నుంచి బయటికి వచ్చి, చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటూ విన్నాడు.

"తిరుపతి సెప్పినాడు సెల్లెమ్మా. కొరౌను, పిన్యాను, ఆ పళ్ళ సక్రాలు రెండూ మార్సాల. ఇక్కడ దొరకవు, వైజాగు నుంచి బస్సుకి ఏయిస్తాను. సోమారం పొద్దుటికి సెప్తే మంగళారం రాత్రికి దిగుతాది. బుధారం నానే వచ్చి ఎక్కించేస్తాను. గానీ ఏ నంబరు తెమ్మంటావు?"

"నంబరంటే?"

గణపతిరావు చుట్టూ చూశాడు. ఒక పాత పీపా మీదున్న చక్రాన్ని చూపించి ఓపిగ్గా చెప్పాడు. ఇంజను నుంచి వెనక్కి ఒక పొడుగాటి రాడ్డు వెళుతుంది. అది సుమారు ఐదు సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. కొన్ని బండ్లకి ఐదుకి పైన, కొన్నిటికి ఐదుకి కింద, కొన్నిటికి నాలుగే. ఈ జీపులకి నాలుగు రకాలొచ్చాయి. ఒకదాని పళ్ళు ఇంకోదానికి సరిపడవు. కొత్తదైతే బండి కాగితాలు చూసి చెప్పొచ్చు. కానీ బైరాగి జీపు వెనక ఇరుసు కాగితాల్లో ఉన్నది కాదు. తొంభై తొమ్మిది తుఫానులో కొబ్బరిచెట్టు విరిగిపడి అసలుది వంగిపోతే, బైరాగి బరంపురం వెళ్ళి పాత ఇనుము కొట్లో ఇంకో ఇరుసు వెతికి తెచ్చి తన పెరట్లోనే బిగించుకున్నాడు.

"నానప్పుడు ఊళ్ళో లేను. ఆ నంబరు ఆడికొక్కడికే తెల్సు. ఆణ్ణి అడుగు."

"నిన్న తిరుపతి ఏదో నంబరని అడిగినాడు. మావ గ్యాపకం నేదన్నాడు."

గణపతిరావు ఒక క్షణం చేతులు తుడుచుకోవడం ఆపాడు. "జబ్బు మనిసి. మర్సిపోయుంటాడు," అని మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఇప్పి సూడకూడదా అన్నా?"

"ఇప్పితే ఆయిలంతా పోయి, మీ ఇసకంతా లోపలికెల్తాది. సామాను సేతికొచ్చేదాకా ఇప్పకూడదు. దానికో లెక్కుంది, నువ్వే సెయ్యొచ్చు. జాకీ ఎట్టి లేపు. గేరు నూట్రల్లో ఎట్టు. టైరు మీదొక సుద్దగీత, రాడ్డు మీదొక సుద్దగీత గియ్యి. సక్రం ఒకసారి తిప్పితే రాడ్డు ఎన్నిసార్లు తిరిగిందో సూడు. ఆ నంబరు నాకు పోను సెయ్యి."

"నానా?"

"ఏం, వంటింట్లో పాలు కొలవ్వేటి? అదీ కొలతే," అని గణపతిరావు నవ్వాడు. "ముందు సక్రాలకి రాళ్ళెట్టు. బండి మీదికొచ్చిందంటే బైరాగి నన్ను సంపేస్తాడు."

*

ఆదివారం పొద్దున్నే మహాలక్ష్మి బండిలోంచి జాకీ తీసింది. ఇసకలో పెడితే అది కిందికి దిగబడింది కానీ బండి పైకి లేవలేదు. పెరటి వెనక పనసచెక్క ఒకటి తెచ్చి దాని కింద వేసింది. ముందు చక్రాల్లో ఒకదానికి రుబ్బురోలు పొత్రం, ఇంకోదానికి ఇటుకలు అడ్డం పెట్టింది. నీలమ్మను పిలిచింది.

"ఆదోరం ఒక్కనాడు సెలవు నాకు. దాన్నీ నీ బండికి బలిచ్చేసినావప్పా," అంటూనే నీలమ్మ వచ్చి టైరు పట్టుకుంది.

మహాలక్ష్మి చీర కుచ్చిళ్ళు బిగించి, గోనెసంచి పరుచుకుని బండి కిందికి పాకింది. అక్కడ నూనె మరకల వాసన, ఎండిన బురద వాసన. మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బిన ఇనుము, దానిలోకి వెళ్ళే రాడ్డు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె ఆ బండి పైన కొన్ని వందలసార్లు కూర్చుంది. కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు.

"తిప్పనా?"

"మెల్లిగా తిప్పు. గీత కిందికొచ్చినకాడ ఆపీ."

నీలమ్మ తిప్పింది. రాడ్డు మీది తెల్లగీత కిందికి వెళ్ళి పైకొచ్చింది. ఒకటి. మళ్ళీ వచ్చింది. రెండు. మళ్ళీ సగం తిరిగి, ఇంకొంచెం జరిగి ఆగింది.

"రెండున్నర పైచిలుకు," అంది మహాలక్ష్మి. మళ్ళీ తిప్పించింది. మళ్ళీ అంతే.

బయటికి వచ్చి చూస్తే బైరాగి మంచం మీద లేచి కూర్చుని ఇటే చూస్తున్నాడు. మంచానికీ బండికీ మధ్య పది అడుగులు లేవు. అతను అంత శ్రద్ధగా దేన్నయినా చూసి చాలా రోజులైంది. ఆమెకు సంతోషం కలిగింది.

"సరిగ్గానే సేసినానా మావా?"

"నీకెవరు సెప్పినారు?"

"గణపతిరావన్న."

"అయితే సరే," అన్నాడు బైరాగి.

నీలమ్మ చేతులు దులుపుకుంది. ఆ నల్లటి వేళ్ళకు సుద్ద అంటుకుని గీతల్లో తెల్లగా ఇంకింది. "మెకానిక్కు పని బాగుందప్పా. బట్టీలో కన్నా నయం. బావా, నువ్వు షెడ్డెట్టు, మేవిద్దరం వత్తాం," అంది. బైరాగి నవ్వాడు. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఊరి మొదట్లో కిరాణా కొట్లో ఫోను ఉంది. మహాలక్ష్మి తల మీది ఇసక దులుపుకుంటూ వెళ్ళి గణపతిరావు ఇంటికి చేసింది.

"రెండున్నర పైచిలుకు వచ్చింది అన్నా."

అవతల గణపతిరావు నవ్వాడు. "అలాటి బండి ఈ లోకంలో పుట్టనేదు సెల్లెమ్మా. ఉండు. ఎన్ని సక్రాలు లేపినావు?"

"ఒకటే. ఒక జాకీయే ఉంది కదా."

"అద్దీ సంగతి. నా షెడ్డులో రెండు సక్రాలూ లేపుతాను. ఆ అలవాటు మీద సెప్పీసినాను. తప్పు నాది. రెండో సక్రం నేల మీద కూకుంటే తిరుగుడు సగం అది మింగేస్తది. ఒక సక్రమే లేపితే రెండుసార్లు తిప్పాల." ఆయన కాసేపు ఏదో గొణుక్కుంటూ లెక్కవేశాడు. "నీ పైచిలుకుతో నాకు పని జరగదు. రెట్టింపు సేస్తే రెండు రకాలకి దగ్గరగా వత్తంది. తప్పుది తెప్పిత్తే గురువారం పోయినట్టే. ఇరవైసార్లు తిప్పు. రాడ్డు నలభై ఎనిమిది దాటి ఆగితే ఒకటి, యాభై మూడు దాటి ఆగితే ఇంకోటి. అప్పుడు తేడా తెల్లంగా తెలుస్తాది."

"అలాగే అన్నా."

"అయినా బైరాగిగాడు ఎక్కడున్నాడు?"

"ఇక్కడే. మంచం మీద కూకుని అంతా సూసినాడు."

నవ్వుతున్న గణపతిరావు గొంతు తగ్గింది.

"సూసినాడా?" అన్నాడు. "సూసి ఏటీ అన్నేదా?"

"ఏటీ అన్నేదు."

"ఈ లెక్క నాకు నేర్పినోడే ఆడు సెల్లెమ్మా. టెక్కలిలో ఒక ట్రెక్కరు బండి కింద పడుకోబెట్టి నేర్పినాడు. ఒక సక్రమైతే రెండు తిప్పులని, నాను మర్సిపోతే నెత్తి మీద మొట్టినాడు. సరే. రేపు పొద్దున్న పదిలోగా సెప్పు."

మహాలక్ష్మి ఫోను పెట్టేసి కొట్టు గుమ్మంలో నిలబడింది. కొట్టువాడు, "ఏటప్పా, ఎవరికైనా బాగోలేదా?" అని అడిగాడు. లేదన్నట్టు తల ఊపింది.

ఎవరైనా స్పానరు తప్పుగా పట్టుకుంటే అన్నం ముందు నుంచి లేచి వెళ్ళే మనిషి బైరాగి. ఒకసారి సంతలో ఎవరో ముక్కూముఖం తెలియని వాడు ట్రాక్టరు టైరు నట్లు వరసలో బిగిస్తుంటే, ఇతను ట్రిప్పు ఆపి దిగి, ఎదురెదురువి బిగించాలని చెప్పి వచ్చాడు. ఇవాళ తన పెళ్ళాం తన బండి కింద పడుకుని తప్పు లెక్క పెడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. సరే అన్నాడు.

దారంతా ఆమెకు కోపమే వచ్చింది. ఇల్లు దగ్గరికి వచ్చేసరికి కోపం మిగలలేదు. దాని జాగాలో భయం వచ్చింది.

*

ఇంటికి వెళ్ళి ఏమీ అడగలేదు. ఉప్పు వెయ్యని పప్పు, అన్నం పెట్టింది. అతను రెండు ముద్దలు తిని చాలన్నాడు. ఎండ కొంచెం తగ్గాక నీలమ్మను మళ్ళీ పిలిచింది.

"ఈసారి ఇరవై తిప్పాల."

"ఇరవయ్యా? నా జబ్బలేమైపోవాల?"

"సక్రం లెక్క నువ్వు సూసుకో. రాడ్డు లెక్క నాది. పైకి అనుకో, నాకూ ఇనిపించాల."

నీలమ్మ తిప్పడం మొదలుపెట్టింది. మహాలక్ష్మి వెల్లకిలా పడుకుని తెల్లగీతను చూస్తూ గట్టిగా లెక్కపెట్టసాగింది. ఐదు. ఎనిమిది. పదిహేను. ఇరవై రెండు.

"మాలచ్చిమీ."

ఆమె లెక్క ఆపలేదు.

"మాలచ్చిమీ, కొంచెం నీళ్ళియ్యి."

రోజుకు అర లీటరు నీళ్ళే తాగాలి అతను. గ్లాసులో గీతపెట్టి ఆమె కొలిచి ఇస్తుంది. నోరెండిపోయినా తనంతట తను అడిగే మనిషి కాదు. మహాలక్ష్మి బయటికి వచ్చి, చేతులు కడుక్కుని, చిన్న గ్లాసులో నీళ్ళు ఇచ్చింది. అతను తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఎంతకొచ్చినాం?" అంది నీలమ్మ. ఇద్దరికీ గుర్తు లేదు. మళ్ళీ మొదట్నుంచి.

ముప్పై ఒకటికి వచ్చేసరికి మళ్ళీ పిలుపు వినిపించింది. ఈసారి నీళ్ళు అడగలేదు. ఉత్త పేరే పిలిచాడు. ఆమె గొంతు పెంచింది. ముప్పై రెండు. ముప్పై మూడు. అతను ఇంకోసారి పిలిచాడు. నీలమ్మ చక్రం పట్టుకుని ఆగింది.

"బావ పిలుస్తన్నాడప్పా."

"నువ్వు తిప్పు."

"ఏటయిందో సూడొచ్చు కదా."

"ఏటీ అవనేదు. తిప్పమన్నానా."

నీలమ్మ తిప్పింది. పిలుపు ఆగిపోయింది. ఆ తర్వాత పెరట్లో మహాలక్ష్మి గొంతు ఒక్కటే వినిపించింది. యాభై. యాభై ఒకటి. యాభై రెండు. యాభై మూడు. గీత ఇంకా దిగి, ముప్పాతిక దగ్గర ఆగింది.

"ఇరవై," అంది నీలమ్మ, నడుం మీద చెయ్యి వేసుకుని.

మహాలక్ష్మి బండి కింద నుంచి వెంటనే బయటికి రాలేదు. నీలమ్మ వంగి చూసింది. మహాలక్ష్మి కొంగు ముఖం మీద వేసుకుని ఉంది. చూసి, గోడ దాటి వెళ్ళిపోయింది.

*

మహాలక్ష్మి వచ్చి మంచం పక్కన అరుగు మీద కూర్చుంది. జుట్టు నిండా ఇసక. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి.

"యాభై మూడూ ముప్పాతిక," అంది.

బైరాగి తల ఊపాడు. "పెద్ద సక్రానికి నలభై మూడు పళ్ళు, సిన్నదానికి ఎనిమిది. ఐదుకి పైన."

"గ్యాపకం ఉందన్నమాట."

"దాన్ని నానే బిగించినాను కదా. ఎలగ మర్సిపోతాను."

"పొద్దున్న నాను తప్పు లెక్కెడతంటే సూసినావు."

"సూసినాను."

రెండిళ్ళ అవతల ఎవరో కొబ్బరి పీచు కొడుతున్న చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు ఆగినప్పుడు బైరాగి చెప్పాడు.

"గురువారం ఎల్తాం. నాలుగ్గంటలు సూదులు. కాళ్ళు పిక్కపట్టేసి కేకలేస్తాను, నువ్వు సూత్తానే ఉంతావు. శుక్రోరం కళ్ళు తెరవలేను. శనోరం తెరుస్తాను గానీ మాట రాదు. మన పిల్ల అమ్ములు టెక్కలి హాస్టలు నుంచి శనోరం సాయంత్రం వత్తాది, ఆదోరం ఎల్పోద్ది. ఈ వారం పరీచ్చలని అసలు రానేనేదు. నాను నోరు తెరిసి దాంతో మాటాడి ఎన్నాళ్ళయింది? సోమారానికి నాను మనిసినవుతాను. అప్పటికి పిల్ల ఇంట్లో ఉండదు. మంగళారం, బుధారం ఉంటాయి. ఆ రెండ్రోజులూ గురువారం వత్తందని కూకుంతాను."

"ఎల్లకపోతే ఏటవుతాదో తెల్దా?"

"తెల్సు. సింహాద్రి ఎల్లినాడు కదా. ఒక్క గురువారం మాననేదు." అతను గొంతు తగ్గించాడు, గోడ అవతలికి వినపడకూడదని. "తిరుగు రైల్లో పోనాడు. ఏదో స్టేషన్లో దింపీసినారు. నీలమ్మ అలగే ప్లాటుఫారం మీద, తెల్లారేదాకా, ఆడి తల ఒళ్ళో ఎట్టుకుని, పోయినాడని ఎవుడికీ తెలీకుండా విసనకర్రతో విసురుతా కూకుంది. మనం బండి తీసుకుని ఎల్లేసరికి ఇంకా విసురుతానే ఉంది. నీకు గ్యాపకం నేదా?"

ఆమెకు జ్ఞాపకం ఉంది. ఆ రోజు వెనక్కి వచ్చేటప్పుడు జీపు నడిపింది బైరాగే. అదే అతను నడిపిన ఆఖరి ట్రిప్పు.

"మరి నాకు?" అంది మహాలక్ష్మి. ఆమెకు ఏడుపు రాలేదు. "నువ్వు ఇంట్లో ఊపిరాడక కొట్టుకుంటే నానేటి సెయ్యాల? ఇలగే అరుగు మీద కూకుని సూడాలా? అమ్ములికి ఏటి సెప్పాల? మీ నాన్నకి బండి పాడయింది, అందుకని వొగ్గీసినాను అనా?"

బైరాగి చేతిలో గ్లాసు ఆమెకు తిరిగి ఇచ్చేశాడు.

"మాటిచ్చినాను," అన్నాడు. "బండి నడిస్తే వత్తాను. నువ్వు ఎల్లి పోను సెయ్యి."

ఆమె వెళ్ళి ఫోను చేసింది.

*

మంగళవారం రాత్రి బస్సుకు సామాను దిగింది. బుధవారం గణపతిరావు వచ్చి, ఇసక పడకుండా చుట్టూ పరదాలు కట్టించి, ఇరుసు విప్పి పాత పళ్ళు తీసి కొత్తవి ఎక్కించాడు. లెక్క తప్పలేదు. నలభై మూడు, ఎనిమిది.

పని అయ్యాక వచ్చి బైరాగి పక్కన కూర్చున్నాడు. "ఏరా, ఆడమనిసి సేత ఇరుసు కింద దూరించినావు. నాను రేపట్నుంచి షెడ్డుకి మాలచ్చిమి పేరెట్టీవాల."

"పెట్టు. నాకన్నా బాగా లెక్కెట్టింది," అన్నాడు బైరాగి.

"ఇంక పదేళ్ళు సూడక్కర్లేదు దాన్ని."

"పదేళ్ళా," అన్నాడు బైరాగి. గణపతిరావు తలొంచుకుని చేతి గోళ్ళలో మడ్డి తీసుకోసాగాడు.

గురువారం మహాలక్ష్మి లేచేసరికి అతను తెల్లచొక్కా వేసుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె పిలవాల్సిన పని లేకపోయింది. తిరుపతిరావు వచ్చి బండి తీశాడు. జీడితోటల మధ్య నుంచి, ఇసక ఎత్తు మీంచి బండి చిన్న చప్పుడు కూడా లేకుండా వెళ్ళింది. బైరాగి కిటికీ వైపు ముఖం పెట్టుకుని ఇరుసు చప్పుడు వింటున్నాడని ఆమెకు తెలుసు. ఎక్కడా ఏమీ వినిపించలేదు.

అతను ఆ తర్వాత ఎప్పుడూ రానని అనలేదు. చవితి పండగ వారం వెళ్ళాడు. వాన కురిసి రైలు మూడు గంటలు ఆలస్యమైన వారం వెళ్ళాడు. చేతిలో సూదులు గుచ్చే నరం మూసుకుపోయి, మెడ దగ్గర గొట్టం వేసిన తర్వాతి వారం కూడా తెల్లచొక్కా వేసుకుని, ఆ గొట్టం మీద తువ్వాలు కప్పుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఎలా ఉందని అడిగితే బాగుందనేవాడు. మాట ఇచ్చినవాడు మాట మీద ఉన్నాడు. అంతకన్నా అతని దగ్గర ఇంకేమీ మిగల్లేదని మహాలక్ష్మికి మెల్లగా తెలిసివచ్చింది. ఒళ్ళు సగమైంది. శనివారాలు అమ్ములు వచ్చి మంచం పక్కన కూర్చుని, తండ్రి నిద్రపోతున్నాడనుకుని పుస్తకం తీసుకునేది. అతను నిద్రపోవడం లేదని మహాలక్ష్మికి తెలుసు. కళ్ళు తెరిచే ఓపిక లేక మూసుకుని ఉన్నాడు.

ఎప్పటి నుంచో ఆమెకే తెలియదు, బుధవారం సాయంత్రం జీపు ఊరి మలుపు తిరుగుతుంటే పొయ్యి దగ్గర చెయ్యి ఆపి చెవి ఒగ్గి వినడం మొదలుపెట్టింది. బండి బాగానే ఉండేది. గణపతిరావు పని గట్టిది. తను పెట్టిన లెక్క కూడా గట్టిదే.

కార్తీకం వచ్చాక ఒక బుధవారం, తిరుపతిరావు బండి పెట్టి తాళాలు ఇవ్వడానికి వచ్చినప్పుడు, మహాలక్ష్మి అతన్ని పెరటి గుమ్మం దగ్గరే ఆపింది.

"రేపు రాకు," అంది. "నాను కబురెట్టేదాకా బండి తియ్యొద్దు."

"ఏటక్కా? రేపు గురువారం కదా. బావని—"

"తియ్యొద్దన్నాను."

తిరుపతిరావు ఆమె ముఖం చూసి, తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఆమె వాటిని చీర కొంగులో ముడివేసుకుని వసారాలోకి వచ్చింది. బైరాగి మెడ గొట్టం చుట్టూ తువ్వాలు సర్దుకుంటున్నాడు. రేపటికి తెల్లచొక్కా మంచం కోడుకు వేలాడుతోంది.

"మావా, బండి బాగోనేదంట."

అతను తల తిప్పాడు. ఇప్పుడే ఆ బండి మలుపు తిరిగి, ఇసకలోంచి ఎక్కి, పెరట్లోకి వచ్చి ఆగడం విన్నవాడు.

"ఏటయింది?"

"వెనక సప్పుడొత్తందంట. తిరుపతి సెప్పినాడు. గణపతిరావన్నకి కుదిరేసరికి పది, పదిహేను రోజులవుతాది." ఆమె ఇంకో అబద్ధం వెతుక్కుంది, దొరకలేదు. "ఆటో నువ్వెక్కవు కదా."

బైరాగి ఆమెను చాలాసేపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. చివరికి అతను చెయ్యి చాపి, మంచం కోడు మీది చొక్కా తీసి, మెల్లగా మడతపెట్టి ఆమెకు ఇచ్చాడు.

"అవును," అన్నాడు. "నాకూ ఇనిపించింది."

శనివారం సాయంత్రం అమ్ములు టెక్కలి నుంచి వచ్చేసరికి తండ్రి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడానికి ఆగుతున్నాడు. కానీ కళ్ళు తేటగా ఉన్నాయి. హాస్టల్లో అన్నం ఎలా పెడుతున్నారో, లెక్కల మేష్టారు ఎవరో, పక్క మంచం పిల్లది ఏ ఊరో, ఒక్కొక్కటీ అడుగుతున్నాడు. అమ్ములు పుస్తకాల సంచి భుజం మీంచి తియ్యకుండానే, తండ్రి పక్కన చతికిలబడి చెబుతోంది. మధ్యలో ఏదో మాటకి ఇద్దరూ నవ్వారు.

మహాలక్ష్మి వంటింట్లో నిలబడి విన్నది. కూర మాడుతున్న వాసన వస్తున్నా కదలలేదు. వాళ్ళ మాటల్లో ఒక్కటి కూడా తప్పిపోకూడదని, గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడింది.